ఇప్ప, కానుగ: గింజ నూనెల స్వభావం, చరిత్ర

విద్యార్థులారా! చలికాలం ఉదయం ఇప్ప నూనె సీసాను, కానుగ నూనె సీసాను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది నెయ్యిలా పేరుకుంటుంది. రెండోది చిక్కబడినా పారుతూనే ఉంటుంది. ఈ చిన్న తేడా ఆ రెండు నూనెల చరిత్రను ఎలా మలిచిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

కారణం వాటి కూర్పులో ఉంది. ఇప్ప నూనెలో దాదాపు సగం పామిటిక్, స్టియరిక్ వంటి సంతృప్త కొవ్వు ఆమ్లాలే. స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ కరగదు. కానుగ నూనెలో ఎక్కువ భాగం ఓలిక్ ఆమ్లం. అది సుమారు 13 డిగ్రీల వద్దే కరుగుతుంది. అయితే కానుగ నూనెలో కరంజిన్ వంటి చేదు పదార్థాలు కూడా ఉన్నాయి. అందువల్ల ఆదివాసీలు ఇప్ప నూనెను వంటకూ దీపానికీ వాడుకున్నారు. కానుగ నూనె మాత్రం దీపానికి, సబ్బుకు, చర్మవ్యాధుల మందుకు పరిమితమైంది. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల నుంచి కిరోసిన్ ఆ దీపాల స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. అంటే గింజ నూనెతో ఇంజను నడపడం కొత్త ఆలోచన కాదు. కానీ కానుగ నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. వేడి చేస్తే పలచబడుతుంది. మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరాల్‌ను వేరుచేస్తే బయోడీజిల్ అవుతుంది.

ఈ ప్రయత్నం మన దగ్గరా జరిగింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గ్రామంలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, నూనె మిల్లు నడిపాయి. డీజిల్‌కు బదులు ఈ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. లెక్క వేయండి: టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా రాలేదు. గౌరవం దక్కింది, నిజమే. కానీ ఆ ధర మొక్కలు నాటిన చేతుల శ్రమకు సరిపోతుందా? తర్వాత 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 కల్లా 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. అదీ నెరవేరలేదు. నూనె గుణం మంచిదైనంత మాత్రాన చాలదు. గింజ ఏరే మనిషికి గిట్టుబాటు కావాలి.

మీరు వర్ని, బాన్సువాడ వైపు వారైతే, నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే పెద్దలను కలవండి. పొలం దమ్ము చేసేటప్పుడు కానుగ రొట్ట తొక్కేవారా, గింజలను ఎవరు ఏరేవారు, ఏ ధరకు అమ్మేవారు అని అడిగి రాసుకోండి. స్థానిక చరిత్రకు అదీ ఆధారమే.