ఓజోన్ పొర, పంట పొలం: మాంట్రియల్ ఒప్పందంలో భారత్ వాదన

ఓజోన్ మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది చర్మ క్యాన్సర్, అంటార్కిటికా రంధ్రం అని రాసి వదిలేస్తాం. పంట పొలం గురించి రాయం. వ్యవసాయ దేశానికి అసలు ముఖ్యమైన కోణం అదే.

సూర్యకాంతిలో 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను యూవీ-బీ అంటారు. వీటిలో అధిక భాగాన్ని ఓజోన్ పొర అడ్డుకుంటుంది. మోతాదు మించితే ఇవి మొక్కల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, కిరణజన్య సంయోగక్రియను మందగింపజేస్తాయి. ఆకులు చిన్నవవుతాయి, ఎదుగుదల తగ్గుతుంది. అయితే మొక్కకూ రక్షణ ఉంది. ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు పెరిగి ఈ కిరణాలను పీల్చుకుంటాయి. అందుకే అమెరికాలో సోయాచిక్కుడుపై చేసిన క్షేత్ర ప్రయోగాల్లో ఒక రకం దిగుబడి తగ్గితే, మరో రకం తట్టుకుంది. కాబట్టి 'యూవీ పెరిగితే పంటలన్నీ పోతాయి' అని రాయకూడదు. నష్టం పంటను, రకాన్ని బట్టి మారుతుంది.

ఇక చరిత్ర. సీఎఫ్‌సీలు ఓజోన్‌ను హరిస్తాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాపై ఓజోన్ భారీగా తగ్గినట్లు వెల్లడించారు. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ వెంటనే చేరలేదు. 'ఈ రసాయనాలను అధికంగా వాడింది సంపన్న దేశాలు. ప్రత్యామ్నాయాల ఖర్చు మేమెందుకు భరించాలి?' అన్నది మన ప్రశ్న. 1990 లండన్ సమావేశంలో పర్యావరణ మంత్రి మేనకా గాంధీ నిధులు, సాంకేతిక బదిలీ కోసం గట్టిగా పట్టుబట్టారు. ఫలితంగా బహుపాక్షిక నిధి ఏర్పడింది. తొలి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు. భారత్, చైనా చేరితే 24 కోట్లు. 1992లో భారత్ చేరింది. ఆస్తమా ఇన్‌హేలర్ల వంటి మినహాయింపులు తప్ప, 2010 నాటికి సీఎఫ్‌సీల వాడకానికి స్వస్తి పలికింది.

ఈ ఒప్పందమే లేకపోతే? యూవీ వల్ల మొక్కలు దెబ్బతిని, అవి పీల్చే కార్బన్ తగ్గి, ఈ శతాబ్దం చివరికి భూమి అదనంగా 0.5 నుంచి 1 డిగ్రీ వేడెక్కేదని 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

మెయిన్స్‌కు గుర్తుంచుకోవాల్సింది ఇదే: 'ఉమ్మడి, కానీ భిన్నమైన బాధ్యతలు' అన్న సూత్రం 1992లో రియోలో అక్షరబద్ధమైంది. దాని సారం మాత్రం రెండేళ్ల ముందే లండన్‌లో ఆచరణకు వచ్చింది. న్యాయం కోసం పట్టుబట్టడం, ఒప్పందంలో చేరడం పరస్పర విరుద్ధాలు కావని భారత్ అనుభవం చెబుతోంది.