గ్రామఫోను ప్లేటు మీది గీత - సి.డి. మీది గీత

తెనాలి, కొల్లూరు, రేపల్లె ప్రాంతము పద్యనాటకములకు పేరుపొందినది. ఆ సీమలోని సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య వంటి నటుల గానము గ్రామఫోను ప్లేట్లకెక్కి, నాటకశాల దాటి ఇండ్లలోనికి వచ్చినది. అట్టి ప్లేటుపై గీతపడినచో, సి.డి.ని బాగుచేసినట్లు దానిని పండ్లపేస్టుతో రుద్దవచ్చునా? శబ్దము ఎక్కడ దాగియున్నదో తెలిసిన, సమాధానము తెలియును.

1887లో ఎమిల్ బెర్లినర్ అమెరికాలో గ్రామఫోనుకు పేటెంటు పొందినాడు. ఆ శతాబ్ది చివర లక్కతో ప్లేట్లు చేయుట మొదలైనది. మోదుగ, రేగు చెట్లపై లక్కపురుగులు విడుచు జిగురును శుద్ధిచేసి, రాతిపొడి కలిపి, వేడిమీద అచ్చులో అదిమెడివారు. 1908లో కలకత్తాలోని సియాల్డాలో గ్రామఫోన్ కంపెనీ కర్మాగారము వెలసినది.

ఈ ప్లేటులో గాడి ఒంపులే పాట. గీతపడిన చోట గాడిగోడ విరుగును. ముల్లు అక్కడికి రాగానే "టక్కు"మనును. పేస్టుతో రుద్దినచో మిగిలిన ఒంపులు కూడ అరిగిపోవును. స్పిరిటుతో తుడుచుట మరింత హాని, ఏలయన లక్క ఆల్కహాలులో కరుగును. వంగిన ప్లేటును మాత్రము రెండు గాజుపలకల నడుమ ఉంచి, కొద్దిపాటి వేడిమి తగులనిచ్చి చదును చేయవచ్చును. లక్క వేడికి మెత్తబడుటయే దీనికి కారణము.

1982లో వచ్చిన సి.డి. సంగతి వేరు. అందు శబ్దము అంకెలుగా మారి, 1.2 మిల్లీమీటర్ల మందముగల పారదర్శకమైన ప్లాస్టిక్కు వెనుక ఉండును. లేజరు కిరణము ఆ ప్లాస్టిక్కు గుండా పోయి దానిని చదువును. కనుక అడుగువైపు గీత, కిటికీ అద్దముపై గీత వంటిది. కిరణమును చెదరగొట్టునేగాని పాటను చెరుపదు. పేస్టులోని మెత్తని పొడి గీత అంచులను నునుపు చేయగా కిరణము మరల సూటిగా పోవును. రుద్దునపుడు నడుమనుండి అంచునకు రుద్దవలెను, చుట్టుగా కాదు. 1960లో రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు కనుగొన్న సంకేతపద్ధతి వలన చిన్న లోపములను యంత్రమే పూరించుకొనును. చుట్టువెంబడి పొడుగుగా పడిన గీతను పూరించుకొనలేదు. పేరు ముద్రించిన వైపు లోతుగా గీతపడినచో చికిత్స లేదు. అక్కడ పలుచని పూత క్రిందనే సమాచారపు పొర ఉండును.

కావున అటకమీది లక్కప్లేటును రుద్దరాదు. మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, అనువైన ముల్లుతో ఒకసారి వినిపించి, ఆ ధ్వనిని కంప్యూటరులో భద్రపరచవలెను. గీత చేసిన "టక్కు"ను అక్కడ తొలగించవచ్చును. అరిగిన గొంతును తిరిగి తెచ్చుట ఎవరి తరము కాదు.