ఉత్తరాంధ్ర వేసవి పెరడు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో మాఘమాసం నుంచి మృగశిర కార్తె దాకా ఇంటి వెనక, నూతి చుట్టూ సొంత వాడకానికి వేసుకునే కూరగాయల తోటే వేసవి పెరడు. ఆనప, బీర, కాకర, పొట్ల, దోస పాదులు, బెండ, వంగ మొక్కలు, గోంగూర, తోటకూర, బచ్చలి ఇందులో ముఖ్యమైనవి. చెరువు అడుగంటి, గరువు (మెట్ట) పొలాలు బీడుగా ఉన్న రోజుల్లో ఊళ్లో పచ్చగా కనిపించే నేల చాలాచోట్ల ఇదొక్కటే. దాన్ని బతికించేది వాన కాదు, ఇంట్లో ఒకసారి వాడిన నీళ్లు.

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న, పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. పాలన గీతలు ఎన్నిసార్లు మారినా దొడ్లో వేసే విత్తనాలు మాత్రం అవే.

నేల, గాలి

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఎర్రనేల. నాగావళి, వంశధార ఒడ్డున ఒండ్రు, శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో ఇసుక కనిపిస్తాయి. ఎర్రనేలా ఇసుకా నీటిని పట్టి ఉంచలేవు. అందుకే ఇక్కడ పెరడు అంటే ముందు గత్తం గుర్తుకు రావాలి. బాగా మాగిన పశువుల పెంటను ఏటా అదే గుంటలో వేస్తూ పోతే పదేళ్లకు ఆ చోట మట్టి రంగే మారిపోతుంది. అత్తగారు వేసిన పాదులోనే కోడలూ గింజ పెట్టడం వెనక మమకారంతోపాటు ఈ లెక్క కూడా ఉంది.

సముద్రం దగ్గర కావడంతో ఎండ తీవ్రత కన్నా ఉక్కపోత ఎక్కువ. రాత్రిళ్లు కూడా వేడి దిగదు. టమాటాకు ఇది అసలు సరిపడదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వెచ్చగా ఉంటే దాని పూత కాయ కాకుండా రాలిపోతుంది. తీగజాతి కూరలు మాత్రం ఆ వేడికి తట్టుకుంటాయి. కాబట్టి ఈ నెలల్లో ఇక్కడి వంటకు పులుపు టమాటా నుంచి రాదు. పచ్చి మామిడికాయ, చింతచిగురు, గోంగూర, దోసకాయ ఆ పని చేస్తాయి. పెరటిని చూస్తే వంట, వంటను చూస్తే పెరడు అర్థమయ్యేది ఇలాంటి చోటే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో ఈదురుగాలి వాన ఒకటి రెండుసార్లు పడటం ఉత్తరాంధ్రకు మామూలే. ఆ వాన పాదుకు ప్రాణం పోస్తుంది, పందిరిని మాత్రం పడగొడుతుంది.

విత్తే కాలం

వేసవి పాదులకు సంక్రాంతి దాటాక నేల సిద్ధం చేస్తారు. రథసప్తమి నాటికి చాలా ఇళ్లలో గింజ పడుతుంది. శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యదేవాలయానికి జనం పోటెత్తే రోజది. ఇళ్లలో చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం నైవేద్యం పెడతారు. చలికాలపు పంట చిక్కుడుకు అది ఇంచుమించు చివరి కోత. ఆ తీగ వాడిపోయాక అదే పందిరి మీదికి ఆనపనో బీరనో పాకిస్తారు. పండుగకూ పంట మార్పుకూ ఇంత చక్కగా పొత్తు కుదిరిన తిథి మరొకటి కనిపించదు.

పాదు కోసం మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తవ్వి, గత్తం, కాస్త బూడిద కలిపిన మట్టితో నింపుతారు. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది కాబట్టి రాత్రంతా నానబెడతారు. నాలుగైదు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసేస్తారు. మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. పాదు పక్కనే అడుగున చిల్లి ఉన్న పాత కుండను మెడదాకా పాతిపెట్టి, చిల్లిలో గుడ్డపీలిక దూర్చి, నీళ్లు నింపి మూత పెట్టే పద్ధతి కూడా ఉంది. నీరు బొట్టుబొట్టుగా వేరు దగ్గరికే చేరుతుంది కనుక ఎండకు ఆవిరి కాదు. ఇప్పటి డ్రిప్ పైపులు చేసే పని కుండ ఎప్పుడో చేసింది.

నీటి దారి

వేసవి పెరటిలో ఏ మొక్క ఎక్కడ ఉండాలో తేల్చేది నీటి దారి. స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు పారేచోట అరటి, కంద, చేమ ఉంటాయి. వాటికి ఎప్పుడూ తడి కావాలి. ఆ తడి అంచుల్లో బచ్చలి, పొన్నగంటి వేయకుండానే పెరుగుతాయి. సబ్బు నీరు లేతమొక్కలకు చేటు కాబట్టి తోటకూర, గోంగూర మళ్లను ఆ కాలువకు దూరంగా, నూతి గట్టు పక్కన వేస్తారు. బియ్యం కడిగిన నీళ్లు పశువున్న ఇంట్లో కుడితిలోకి, లేని ఇంట్లో తోటకూర మడికి. పాదులకు నీళ్లు పొద్దున్నే పోస్తారు, మిట్టమధ్యాహ్నం పోయరు.

పందిరి కూడా ఊరికే ఎక్కడబడితే అక్కడ వేయరు. పడమటి ఎండ తగిలే గోడ పక్కన ఆనప పందిరి వేస్తే గదిలో వేడి తగ్గుతుంది. పందిరి కింది నీడలో కొత్తిమీర, పుదీనా వేసవి గట్టెక్కుతాయి.

పూత, పిందె

ఆనప పువ్వు తెల్లనిది, సాయంత్రం విచ్చుకుంటుంది. బీర పసుపుపూత కూడా పొద్దు వాలుతుండగానే విరుస్తుంది. పొట్ల పువ్వు రాత్రి పూట, దారపు పోగుల్లాంటి తెల్లని అంచులతో. కాకర, దోస, గుమ్మడి తెల్లవారాక పూస్తాయి. పగటి తేనెటీగ కాకర మీద వాలుతుంది, ఆనపకు చీకటిపడ్డాక వచ్చే రెక్కల పురుగులు కావాలి. ఎండ పెరిగేకొద్దీ తీగల్లో మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే పుప్పొడి అందలేదని అనుమానించాలి. ఆనపకైతే సాయంత్రం ఆరింటి వేళ ఒక మగపువ్వును తుంచి, రేకులు వెనక్కి విరిచి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపలి ముద్దకు మెల్లగా రాస్తే చాలు. ఆడపువ్వును పోల్చుకోవడం తేలిక, దాని కింద బొటనవేలంత నూగు పిందె ముందే ఉంటుంది. నిలిచిన పిందె నాలుగు రోజుల్లో తల కిందికి వంచి బరువెక్కుతుంది.

పొట్లకాయ మెలికలు తిరగకుండా కొసకు పురికొసతో చిన్న గులకరాయి కట్టడం ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. రాయి మరీ బరువైతే కాయ తెగిపోతుంది కాబట్టి నిమ్మకాయ కన్నా చిన్నది చూసుకోవాలి.

తీగకూరలకు పెద్ద శత్రువు పండు ఈగ. లేత కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పిందెకు కాగితం చుట్టడం, పుచ్చిన కాయను దొడ్లో వదలకుండా లోతుగా పాతిపెట్టడం దీనికి విరుగుడు. లేత ఆకులు కొరికే ఎర్ర పెంకుపురుగుకు పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లుతారు. బెండకు పల్లాకు తెగులు తెల్లదోమ వల్ల వ్యాపిస్తుంది. దాన్ని తట్టుకునే అర్కా అనామిక రకాన్ని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించింది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని చేపట్టాక ఆవుపేడతో చేసే జీవామృతం, వేపతో చేసే నీమాస్త్రం పొలాల నుంచి పెరళ్లకూ వచ్చాయి.

గోగు, ఉద్దానం

గోంగూర ఈ ప్రాంతానికి కూర మాత్రమే కాదు, నార పంట కూడా. వేసవి చివరి వానలకు గోగు చల్లి, నార తీసి జనపనార మిల్లులకు అమ్మేవారు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీదే పనిచేసి, ఏఎంవీ పేరుతో రకాలను విడుదల చేసింది. చేలో మొక్కలు ఒత్తుగా ఉంటే పలుచన చేస్తూ పీకిన లేత గోగు ఇంటికి కూరగా చేరేది. నార సాగు తగ్గినా పెరట్లో గోంగూర మడి పోలేదు.

ఉద్దానం పెరడు వేరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు కొబ్బరి, పనస, మునగ చెట్ల నీడే ముందు. వేసవి మొదట్లో పచ్చి పనసకాయను పొట్టుగా కొట్టి ఆవపెట్టి వండుతారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కూలిన ఆ చెట్లకు బదులు నాటినవి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తీగకూర మూడు నెలల్లో మళ్లీ వస్తుంది, పనసచెట్టు ఒక తరాన్ని అడుగుతుంది.

వంటింట్లో

సొరకాయ అని ఇతర జిల్లాలవాళ్లు పిలిచేదే ఇక్కడి ఆనపకాయ. రాయలసీమ అనపకాయలు వేరే, అవి చిక్కుడు జాతివి. లేత ఆనపను పాలు పోసి వండుతారు, నువ్వుపొడి చల్లుతారు, బెల్లం వేసి పులుసు పెడతారు. దాని తొక్కూ బీరపొట్టూ పచ్చళ్లవుతాయి. గోటితో గిచ్చితే దిగబడాలి, అదే లేతకాయ గుర్తు. ముందుగా చిన్న ముక్క రుచి చూడాలి. చేదుగా ఉంటే కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉన్నట్టు, వెంటనే ఉమ్మేసి కాయంతా పారేయాలి. చేదు ఆనప రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారున్నారు, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

వేసవి పెరడు ఒకే కూరను రాశిగా ఇవ్వదు. ఒకరోజు నాలుగు బెండకాయలు, గుప్పెడు వంకాయలు, ఒక మునక్కాడ, అరచెక్క ఆనప. ఏ ఒక్కటీ ఇంటిల్లిపాదికీ చాలదు. అన్నీ కలిపి చింతపండు, బెల్లంతో దప్పళం కాస్తే, ముద్దపప్పుతో పది మందికీ సరిపోతుంది. పొద్దుటి చోడి (రాగి) అంబలికి గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ తోడు. కందా బచ్చలీ కలిపి ఆవపెట్టిన కూర పెళ్లి పంక్తిలోనూ ఉంటుంది. మే ఎండ ఊరమిరపకాయలకూ, సంక్రాంతి నుంచి అటక మీద దాచిన బూడిద గుమ్మడి వడియాలకూ కావాలి.

గింజ

రోహిణి కార్తెలో, మే, జూన్ ఎండల్లో తీగ ఆకులు అంచుల నుంచి ఎండుతాయి. అప్పటికే ఇంటి ఇల్లాలు నిండుగా, నున్నగా ఉన్న ఆనపకాయ ఒకదానికి గుడ్డపీలిక కట్టి ఉంచుతుంది. దాన్ని ఎవరూ కోయరు. తొక్క పచ్చదనం పోయి గోధుమరంగు తేలాక, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. కాయను పగలగొట్టి గింజలు ఆరబెట్టి బూడిదలో కలుపుతారు. కొందరు పేడముద్దలో అద్ది గోడకు కొడతారు. మృగశిర చినుకు పడేసరికి పందిరి మీది ఎండుతీగ లాగేసి ఉంటుంది, గోడ మీద ఆ ముద్ద ఆరుతూ ఉంటుంది.