రాతి వరుసలు: బీరూనీ, ఇబ్నె సీనా చదివిన భూచరిత్ర

అబూ రైహాన్ అల్ బీరూనీ హిజ్రీ 416లో, అనగా క్రీ.శ. 1025లో, ‘తహ్‌దీద్’ అను పేరుతో ప్రసిద్ధమైన గ్రంథాన్ని పూర్తి చేశారు. పట్టణాల మధ్య దూరాలను, ఘజ్నీ నుండి ఖిబ్లా దిశను గణించటం దాని ఉద్దేశ్యం. అటువంటి గణిత గ్రంథంలో పాఠకుడు ఊహించని చర్చ ఒకటి వస్తుంది. అరేబియా ఎడారి ఒకప్పుడు సముద్రమనీ, తరువాత అది పూడిపోయిందనీ ఆయన అంటారు. దానికి ఆధారం బావులు. బావి త్రవ్వినప్పుడు మట్టి, ఇసుక, గులకరాళ్లు ఒకదాని క్రింద ఒకటి బయటపడతాయి. కొన్ని రాళ్లను పగులగొడితే లోపల గవ్వలు కనిపిస్తాయి. వాటిని ఎవరో తెచ్చి పూడ్చారనటానికి వీలు లేదు.

మద్రసాలో చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు వెంటనే తోస్తుంది. రావీ లేనిదే రివాయత్ లేదు. సముద్రం తొలగిపోవటాన్ని చూసినవారు లేరు, చూసి చెప్పినవారూ లేరు. మరి నమ్మటం ఎలా? బీరూనీ రాతినే సాక్షిగా నిలబెట్టారు. అంతకు మించి, అది ఎన్ని వేల ఏళ్ల మాట అని లెక్క కట్టటానికి పూనుకోలేదు.

కొన్నేళ్లకు రాసిన ‘కితాబుల్ హింద్’లో ఇదే చూపు గంగా మైదానంపై పడింది. ఈ గ్రంథం అరబ్బీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1958లో ప్రచురించింది. పర్వతాల దాపున, ప్రవాహం ఉధృతంగా ఉన్నచోట, రాళ్లు పెద్దవి. దూరం పోయినకొద్దీ చిన్నవి. నది నెమ్మదించి సముద్రాన్ని చేరేచోట మిగిలేది ఇసుక. కనుక ఈ నేల నదులు మోసి తెచ్చినదని ఆయన నిర్ణయం. మైదానం వరకు ఇది నిజమే. హిమాలయాల నుండి వచ్చిన మట్టి అక్కడ కొన్నిచోట్ల కిలోమీటర్ల లోతున పేరుకుని ఉంది. కాని ఆయన హిందూ దేశమంతటినీ ఒకే గాటన కట్టారు. మన దక్కన్‌కు ఆ మాట చెల్లదు.

ఆయనతో ఉత్తరాలలో వాదించిన ఇబ్నె సీనా ‘కితాబుష్షిఫా’లో పర్వతాల పుట్టుకను చర్చించారు. బాల్యంలో జైహూన్ ఒడ్డున తలంటుకు వాడే బంకమన్ను చూశాననీ, సుమారు 23 ఏళ్లకు అదే మెత్తని రాయిగా మారి కనిపించిందనీ రాశారు. కొన్ని కొండలలోని అమరికకు ఆయన వాడిన పదం ‘సాఫ్’. తర్జుమాలో నేను మొదట ‘పొర’ అని రాసి, తరువాత కొట్టివేశాను. సాఫ్ అంటే గోడలో ఇటుకల వరుస. క్రింది వరుస పడనిదే పై వరుస లేచే వీలు లేదు. ఆయన చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే. ఇదే నియమాన్ని 1669లో స్టెనో ఇటలీలో సూత్రంగా ప్రకటించాడు.

ఈ భాగం 1200 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ అను ఆంగ్లేయుని ద్వారా లాటిన్‌లోకి పోయింది. అయితే అరిస్టాటిల్ గ్రంథం చివర చేరటం వల్ల చాలాకాలం అది అరిస్టాటిల్ రచనగానే చెలామణి అయింది. అనువాదకుడికి ఇంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉండదు.

అంతమాత్రాన నేటి విజ్ఞానమంతా మన పూర్వుల గ్రంథాలలోనే ఉందని సభలలో చెప్పటం నాకు సమ్మతం కాదు. వరుస తెలిసినా వారి వద్ద గడియారం లేదు. ఆ గడియారం యురేనియం వంటి ధాతువులు నిర్ణీత వేగంతో సీసంగా మారటంలో దొరికింది. 1956లో ప్యాటర్సన్ ఉల్కలలోని సీసాన్ని కొలిచి భూమి వయస్సు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు.

ఈ లెక్కలో గవ్వ పాతది కాదు. గట్టి పెంకు గల జీవులు వచ్చి దాదాపు 55 కోట్ల ఏళ్లే అయింది. అంతకు ముందు చాలాకాలం ఎక్కువగా సూక్ష్మజీవులే. నీటి అడుగున పాకుడు పరచుకుని, దానిపై మట్టి పడి, మళ్లీ పాకుడు పట్టి, అదంతా రాయిగా గట్టిపడింది. ఆస్ట్రేలియా పశ్చిమాన పిల్‌బరా ప్రాంతంలో అటువంటివి 348 కోట్ల ఏళ్లనాటివి ఉన్నాయి. అంత దూరం పోనక్కరలేదు. కడప జిల్లా వేంపల్లె సున్నపురాతిలోనూ గుమ్మటాల వంటి ఆకారాలు కనిపిస్తాయి. వాటి వయస్సు 188 కోట్ల ఏళ్లకు పైమాటే. పగులగొట్టి చూస్తే లోపల గవ్వ ఉండదు. ఒకదానిపై ఒకటి సన్నని వరుసలు మాత్రం ఉంటాయి.