ఊరంతా ఒప్పుకుంటేనే కుళాయి: గంజాం కొండల నీళ్ళ చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా ఊర్లో దాదాపు ప్రతి ఇంటి వెనకా మరుగుదొడ్డి ఉంది. తలుపు తీస్తే లోపల కట్టెలు, బస్తాలు, కోళ్ళ గంప కనిపిస్తాయి. మా అమ్మని అడిగితే ఒకటే మాట: "గెడ్డ నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి, అందులో ఒకటి దొడ్లో పోసీమంటావేటి?" బయటనుంచి వచ్చినవాళ్ళు మాత్రం "గిరిజనులకి అవగాహన లేదు" అని రాసుకుని పోతారు. ఆ మాట నాకు చాన్నాళ్ళు గుచ్చుకుంది. అమ్మ చెప్పిందే నిజమని కొండకి అవతలి పక్క జరిగిన ఒక చరిత్ర చదివాక తెలిసింది.

అవతలి పక్క అంటే ఒడిశాలోని గంజాం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది కూడా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గీత తర్వాత గీశారు గానీ సవరలు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు.

1971లో ఒడిశా తీరానికి పెద్ద తుఫాను వచ్చింది. సాయం చెయ్యడానికి మద్రాసు నుంచి కొందరు విద్యార్థులు వెళ్ళారు. వాళ్ళ నాయకుడు జో మడియాత్, కేరళ మనిషి. పని అయిపోయాక చాలామంది వెనక్కి వచ్చేశారు, కొందరు అక్కడే ఉండిపోయారు. వాళ్ళే తర్వాత గంజాం కొండల్లో గిరిజనుల మధ్య పనిచేసి, 1979లో 'గ్రామ్ వికాస్' అనే సంస్థ పెట్టారు. మొదట అప్పులు, తాకట్టు భూముల సంగతి చూశారు. 1980ల్లో మొదలుపెట్టి 50 వేలకు పైగా గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించారు. కానీ ఊర్లలో రోగాలు తగ్గలేదు. చూస్తే చాలా జబ్బులకి మూలం నీళ్ళలోనే ఉంది. తాగే నీళ్ళలో మలం కలుస్తోంది.

1992లో కొత్త పని మొదలుపెట్టారు. దాని షరతులే ఈ పోస్టుకి అసలు విషయం.

మొదటిది: ఊర్లో ప్రతి కుటుంబం చేరాలి. ఒక్క ఇల్లు కాదన్నా పని మొదలవదు. ఇది మొండితనంలా కనిపిస్తుంది గానీ కారణం ఉంది. తొంభై ఇళ్ళు దొడ్లు వాడి, పది ఇళ్ళు గట్టుకి వెళ్తే, వానాకాలంలో ఆ పది ఇళ్ళ మలమే అందరి నీళ్ళలోకి వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కులాలున్న ఊర్లలో దళితుల ఇంటికీ పెద్దకులాల ఇంటికీ ఒకే ట్యాంకు నీళ్ళు వెళ్ళాలి. చాలా ఊర్లలో ఇక్కడే పేచీ పడేది, ఒప్పించడానికి నెలలు, ఏళ్ళు పట్టేది.

రెండోది: ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, పక్కనే స్నానాల గది, మూడు కుళాయిలు. దొడ్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. అందరి దొడ్లూ పూర్తయ్యేదాకా నీళ్ళు వదలరు. కొండ ఊర్లలో అయితే పైనున్న ఊటకి కట్టకట్టి పైపు వేస్తే నీళ్ళు వాటంతటవే దిగుతాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

మూడోది: ఇంటికి సగటున 1000 రూపాయలు ఊరి నిధిలో వెయ్యాలి. ఉన్నవాళ్ళు ఎక్కువ, లేనివాళ్ళు తక్కువ. అసలు ముట్టుకోరు. ఊర్లో కొత్త కాపురం వస్తే వడ్డీతో వాళ్ళకీ దొడ్డి కట్టుకోడానికి సాయం చేస్తారు. కమిటీలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానం.

ఇక్కడ నాకో అనుమానం వచ్చింది. పట్నంలో ఎవరినీ ముందు డబ్బు పోగెయ్యమనరు కదా, కొండ మీద పేదోడినే ఎందుకు అడగాలి? ఇది న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఒకటే: ఆ డబ్బు ఏ ఆఫీసుకీ పోలేదు, ఊరి పేరుమీదే ఉంది. పైపు పగిలితే ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఫలితం ఏమిటి? నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డుఫ్లో, ఇంకొందరు కలిసి ఒడిశాలో ఈ పని జరిగిన ఊర్లను పరిశీలించి 2015లో రాశారు: వైద్యం అవసరమైన విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయి. పక్కనే పూరీ జిల్లాలో ఇంకో పరిశోధన జరిగింది, 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అక్కడ ప్రభుత్వ పథకం కింద దొడ్లు మాత్రమే కట్టారు. దొడ్డి ఉన్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. విరేచనాలు మాత్రం తగ్గలేదు. కొన్ని ఇళ్ళకి దొడ్డే లేదు, ఉన్నవాళ్ళలో అందరూ వాడలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మా అమ్మ బిందె లెక్క తప్పు కాదు కదా?

2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది, 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెలన్నీ బహిర్భూమి రహితం అని ప్రకటించారు. దొడ్లు ముందొచ్చాయి. ఇంటింటికీ కుళాయి అనే జల్ జీవన్ మిషన్ అదే ఏడాది ఆగస్టులో ప్రకటించారు. మా ఊర్లో కుళాయి దిమ్మలు కట్టారు, నీళ్ళు ఇంకా రాలేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకి ఊరెళ్ళినప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. జల్ జీవన్ నిబంధనల్లోనే ఊరి నీటి కమిటీ ఉండాలని, అందులో సగమైనా ఆడవాళ్ళు ఉండాలని ఉంది. ఇక 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పని మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం కావాలి, ఖర్చయిన డబ్బుకి ధ్రువపత్రం కూడా గ్రామసభే ఇవ్వాలి. అంటే నీళ్ళు రాని కుళాయికి "పని పూర్తయింది" అని మన ఊరు సంతకం పెట్టక్కర్లేదు.

ఈసారి గ్రామసభకి అమ్మని కూడా తీసుకెళ్తాను. బిందె లెక్క తనే చెప్తుంది.