ఈస్టు క్రోమోసోముల తారుమారు

రొట్టెపిండిని పొంగించు ఈస్టు ఒకే కణముగల చిన్న జీవి. ఆ కణమునందు 16 క్రోమోసోములు కలవు. జీవి లక్షణములను నిర్ణయించు జన్యువులు వీనిపై వరుసగా అమరియుండును. ఈ వరుసలో పెద్ద మార్పు వచ్చినచో దానిని కనిపెట్టుట యెట్లు?

రెండు తాళపత్ర గ్రంథములను విప్పి, ఒకదాని చివరి ఆకులను రెండవదానికిని, రెండవదాని చివరి ఆకులను మొదటిదానికిని చేర్చి కట్టితి మనుకొనుడు. అక్షర మొక్కటియు పోలేదు. కాని గ్రంథముల మందము మారినది. రెండు క్రోమోసోములు తమ ఖండములను మార్చుకొనుటయు నిట్టిదే.

పెక్కు మొక్కల క్రోమోసోములను సూక్ష్మదర్శినితో గుర్తింపవచ్చును. ఈస్టువి అందుకు మిక్కిలి చిన్నవి. కావున పూర్వము రెండు ఈస్టులను సంకరము చేసి, కలిగిన సిద్ధబీజములలో సుమారు సగము మొలకెత్తకున్నచో తారుమారు జరిగియుండునని ఊహించెడివారు. అది ఏ క్రోమోసోములో తెలిసికొనుట దీర్ఘశ్రమ.

1984లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున డేవిడ్ ష్వార్ట్జ్, చార్లెస్ కాంటర్ అనువారు క్రొత్త మార్గము చూపిరి. పొడవైన డి.ఎన్.ఏ. పోగు కొంచెము కుదిపినను తెగిపోవును. అందుచే కణములను అగరోస్ అను జెల్లీలో పొదిగి, అందే వాని కవచములను కరగించిరి. పిదప విద్యుత్తు దిక్కును మాటిమాటికి మార్చిరి. దిక్కు మారినప్పుడెల్ల పొట్టిపోగు త్వరగా మళ్లును, పొడుగుపోగు వెనుకబడును. ఇట్లు క్రోమోసోములు నిడివిని బట్టి వేరై చారలుగా కనబడినవి. చార స్థానము తప్పినచో క్రోమోసోము నిడివి మారినదన్నమాట.

దీనివలన ప్రయోజన మేమని శ్రోత లడుగవచ్చును. ద్రాక్షమద్యము చెడకుండుటకు అందు సల్ఫైటు కలుపుదురు. అది ఈస్టుకును విషమే. కొన్ని మద్యపు ఈస్టులలో 8వ, 16వ క్రోమోసోములు ఖండములు మార్చుకొనగా, సల్ఫైటును కణము వెలుపలికి నెట్టు జన్యువు మిక్కిలి చురుకైనదని 2002లో వెల్లడియైనది. క్రొత్త జన్యువు పుట్టలేదు. ఉన్నదే చోటు మారిన పొరుగువలన బలపడినది.

ఈ చారల పరీక్షకును హద్దు కలదు. ఒకే గ్రంథములో కొన్ని ఆకులు తలక్రిందైనచో మందము మారదు గదా! అట్టి మార్పును పట్టుటకు అక్షరములనే చదువవలెను. ఈస్టునందలి సుమారు 1.2 కోట్ల అక్షరముల పాఠము 1996లో వెలువడినది. నేడు పొడవైన పోగులను ఏకధాటిగ చదువు యంత్రములు తెగి అతికిన చోటును సైతము చూపుచున్నవి. జీవి కథ అక్షరములయందే గాక వాని అమరికయందును కలదని ఈ చిన్న ఈస్టు మనకు తెలుపుచున్నది.