అగ్గి తెగులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు

అగ్గి తెగులు వరి ఆకులపై నూలుకండె ఆకారంలో, బూడిదరంగు మధ్యభాగం, గోధుమరంగు అంచులతో మచ్చలు కలిగించే శిలీంధ్ర వ్యాధి. కారకం మాగ్నపోర్తే ఒరైజే. ఈ ప్రాంతాల్లో శ్రీరామసాగర్ కాలువలు, మానేరు జలాశయాలు, బావుల కింద సాగయ్యే యాసంగి వరికి దీని బెడద ఎక్కువ.

ఈ బెడదకు ప్రధాన కారణం చలికాలపు మంచు. శిలీంధ్రపు సిద్ధబీజం మొలకెత్తాలంటే ఆకుపై నీటిపొర ఉండాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు దిగి, గాలిలో తేమ 90 శాతం దాటి, ఆకు సుమారు పది గంటలు తడిగా ఉంటే శిలీంధ్రం ఆకుపొరను చీల్చుకొని లోపలికి చొచ్చుకుపోతుంది. నాలుగైదు రోజుల్లో మచ్చ కనబడుతుంది. ఒక్కో మచ్చ నుంచి వేల సిద్ధబీజాలు గాలిలోకి లేస్తాయి. మబ్బులు కమ్మి ఉదయపు ఎండ ఆలస్యమైతే తడి ఆరక ఉధృతి పెరుగుతుంది. ఎండలు ముదిరి ఆకు పొడిగా ఉంటే తగ్గుతుంది.

వాతావరణం ఒక్కటే కారణం కాదు. మోతాదు మించిన యూరియా, సాంబ మసూరి వంటి తట్టుకోలేని రకాలు దానికి తోడవుతాయి. తెగులు వెన్ను మెడకు సోకితే గింజలు తాలుపోతాయి.

సలహాలకు జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. మంచు కురిసే రోజుల్లో రైతులు పొలాన్ని తరచూ పరిశీలించాలి. మచ్చలు కనబడగానే యూరియా ఆపి, లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి పిచికారీ చేయాలి.